మనసులో పాడుకోండి

ఈస్టరుకి ముందొచ్చే మట్టల ఆదివారానికి ఇంకా వారం ఉందనగా, మందిరంలో వెనకవైపు చాపలన్నీ ఖాళీగా ఉండడం చూసి ఎలీషా పాట మధ్యలో ఒక చరణం మర్చిపోయాడు. అతను పాట మర్చిపోవడం ఆ ఊళ్ళో అంతకుముందు ఎవరూ చూడలేదు.

ఆ చాపలు గట్టు వీధివాళ్ళవి. ఎవరు పెట్టిన నియమమూ కాదుగాని, కాలవగట్టు మీద ఇళ్ళున్నవాళ్ళు వెనక చాపల మీద, రోడ్డు వీధివాళ్ళు ముందు కుర్చీల్లో కూర్చోవడం ఆ మందిరంలో ఎప్పటినుంచో ఉన్న అలవాటు. మొదట ఒకరిద్దరు రావడం మానేశారు. జ్వరాలేమో అనుకున్నాడు ఎలీషా. తరవాత ఇళ్ళకి ఇళ్ళే మానేశాయి. మినప చేలలో పని తెమలడం లేదేమో అనుకున్నాడు. ఆ పూట ఆరాధన కాగానే సంఘపెద్ద జక్కరయ్య మాస్టారు పక్కకి పిలిచి, వాళ్ళంతా ముసలి దీనమ్మ గొడ్ల చావిట్లో వేరే కూడుకుంటున్నారని, అదీ సరిగ్గా ఇక్కడ గంట కొట్టే వేళకేనని చెప్పాడు. ఇంక అనుకోవడానికి ఏమీ మిగల్లేదు.

మాస్టారు ఇంకో మాట కూడా చెప్పాడు. ఈస్టరుకి పొరుగూరి పాస్టరుగారిని పిలిపించి, ఆ చావిట్లోనే రొట్టె, ద్రాక్షరసం తీసుకుంటారట. ఆ ప్రభువు బల్ల వేరైతే సంఘం వేరైనట్టే. ఆ తరవాత పెళ్ళిళ్ళు వేరు, సమాధుల తోటలో వరసలు వేరు. అలా విడిపోయిన ఊళ్ళు ఆ చుట్టుపక్కల కొత్త కాదు.

ఎలీషాకి మరీ కడుపు మండింది ఎందుకంటే, ఆ ఈస్టరునాడే దైవసహాయం అయ్యగారు సంఘాన్ని అతని చేతిలో పెట్టబోతున్నారు. అయ్యగారికి వయసు మీద పడింది. బైబిలు స్కూలు చదువు ముగించి వచ్చిన ఎలీషాని దగ్గర పెట్టుకుని, రోగుల ఇళ్ళకి తిప్పి, ప్రసంగం చెప్పించి, సమాధి దగ్గర ఏం మాట్లాడాలో, ఏం మాట్లాడకూడదో నేర్పించి తయారుచేశారు. ఊరంతా అయ్యగారిని అయ్యగారనీ, ఎలీషాని చిన్నయ్యగారనీ పిలుస్తుంది. ఇంకో రెండు వారాలు పోతే 'చిన్న' అన్న మాట రాలిపోతుందని ఎలీషా లోలోపల మురిసిపోతున్నాడు.

కుర్రవాడిలో చెడ్డగుణం ఏమీ లేదు. జ్వరమొచ్చిన ఇంటికి పిలవకముందే వెళతాడు. ఎవరినీ విసుక్కోడు. ఉన్న చిక్కల్లా గొంతుతోనే. చాలా మంచి గొంతు. అతను వచ్చిన కొత్తలో అందరూ 'దేవుడిచ్చిన గొంతు' అనేవాళ్ళు. వినగా వినగా అతనికి అందులో మొదటి మాట వినపడడం మానేసి, గొంతు ఒక్కటే మిగిలింది.

అంతకుముందు పాట ఎత్తుకునేది అయ్యగారే. ఎలీషా వచ్చిన నెలలోనే ఆయన మైకు అతని చేతికిచ్చి, ఇకనుంచి నువ్వు ఎత్తుకో నాయనా అని వెళ్ళి గోడవారగా కూర్చున్నారు. ఆనాటినుంచి మందిరంలోగాని, ఇళ్ళ ప్రార్థనల్లోగాని ఆయన పాడగా ఎలీషా వినలేదు. కళ్ళు మూసుకుని కూర్చునేవారు. పాపం, పెద్దాయన గొంతు పోయింది అనుకున్నాడు ఎలీషా. అందుకు జాలిపడ్డాడు కూడా.

అతను మాత్రం ఏ వారానికి ఆ వారం శ్రుతి కొంచెం కొంచెం పెంచుతూ పోయాడు. పై స్థాయిలో అతని గొంతు ఇంకా బాగుంటుంది, ఆ సంగతి అతనికీ తెలుసు. కుర్చీల్లోవాళ్ళు కొంతదాకా వెంటబడి వచ్చారు. చాపల మీదివాళ్ళు మొదటి చరణంలోనే ఆగిపోయేవాళ్ళు. దీనమ్మ ఒక్కతే ఆగేది కాదు. ఆవిడ గొంతు ఎండుటాకులా గరగరలాడేది, పైగా ప్రతి చరణాన్నీ అందరూ ముగించాక ఇంకాసేపు సాగదీసి ముగించేది. ఎలీషా కీబోర్డు మీద వేళ్ళు పట్టి ఆవిడ కోసం ఆగాల్సి వచ్చేది.

ఒక ఆదివారం దీనమ్మే అతని దగ్గరికి వచ్చింది. చెంగు తలమీదికి లాక్కుని, అడగొచ్చో అడగకూడదో అన్నట్టు నిలబడింది.

"చిన్నయ్యగారూ, పాట కాస్త కిందనించి ఎత్తండి బాబూ. మీరు అంత పైన పట్టుకుంటే మాకు అందటంలా."

ఎలీషా నవ్వాడు. కోపంగా కాదు, ప్రేమగానే అన్నాడు.

"అందనివాళ్ళు మనసులో పాడుకోండి అమ్మమ్మా. దేవుడికి కావలసింది మనసే కదా."

ఆ మాట అతనికే ఎంతో నచ్చింది. మరుసటి ఆదివారం మైకులో కూడా చెప్పాడు. ముందు కుర్చీలవాళ్ళు తలలూపారు. ఆరోజునుంచి మందిరంలో పాట వేళ ఒక్క గొంతే వినిపించేది. అంత నిశ్శబ్దంగా వింటున్నారంటే పాటలో లీనమైపోయి ఉంటారని ఎలీషా అనుకున్నాడు. పట్నం చర్చిల్లో కూడా ఇలాంటి పాట లేదని జక్కరయ్య మాస్టారు అన్నాడు, మేనల్లుడికి వినిపించడానికి సెల్‌ఫోనులో పట్టుకున్నాడు కూడా.

చాపలు ఖాళీ అయినది ఆ తరవాతే. ఆ రెంటికీ సంబంధం ఉంటుందని ఎలీషా కలలో కూడా అనుకోలేదు.

ఆరోజు మధ్యాహ్నం అతను అయ్యగారి ఇంటికి వెళ్ళేసరికి ఆయన అరుగు మీద కూర్చుని, మందిరంలోని చాపలు ముందేసుకుని, చిరిగిన అంచులకి గుడ్డపేలికలు కుడుతున్నారు. పక్కన ఉతికిన చాపలు గోడకి ఆనించి ఆరబెట్టి ఉన్నాయి.

మనుషులే లేనప్పుడు చాపలకి కుట్లెందుకని ఎలీషా కాస్త కటువుగానే అడిగాడు. మనుషులు లేనప్పుడే కదా చాప చేతికి దొరికేది అన్నారు అయ్యగారు, సూదిలో దారం ఎక్కించుకుంటూ.

ఎలీషా కూర్చోలేదు. నిలబడే తన బాధంతా వెళ్ళగక్కాడు. వాళ్ళకి అసూయ అన్నాడు. ఎవరో ఎగదోస్తున్నారన్నాడు. సంఘాన్ని చీల్చేవాళ్ళ గురించి వచ్చే ఆదివారం చెప్పడానికి గట్టి ప్రసంగం సిద్ధం చేసుకుంటున్నానన్నాడు. ఆ ప్రసంగం వినవలసినవాళ్ళు మందిరంలో ఉండరు కదా అన్న సంగతి అతనికి ఆ ఆవేశంలో తోచలేదు. అయ్యగారు కూడా గుర్తు చేయలేదు. చాప చివరిదాకా కుట్టి, దారం కొరికి, అప్పుడు తలెత్తారు.

"నీకేం కావాలి నాయనా?"

"వాళ్ళు తిరిగి రావాలి." కాసేపు ఆగి, అబద్ధం ఆడలేక మిగతాది కూడా అన్నాడు. "రాకపోతే ఈస్టరునాడు మీరు నా చేతిలో పెట్టేది సగం సంఘమే."

అయ్యగారికి ఆ రెండో మాట నచ్చినట్టే ఉంది. సరే, వచ్చే ఆదివారం మనిద్దరమే చావిడికి వెళదాం అన్నారు. మట్టల ఆదివారంనాడా అని ఎలీషా తెల్లబోయాడు. వాళ్ళు కూడేది ఆదివారమే కదా అన్నారాయన. ఒక్క షరతు మాత్రం పెట్టారు. అక్కడ ఎలీషా పాట ఎత్తుకోకూడదు.

ఆ షరతు ఎలీషాకి ముల్లులా గుచ్చుకుంది. నా పాట వింటే వాళ్ళు ఇంకా చిన్నబుచ్చుకుంటారని అయ్యగారి భయం కాబోలు అని సరిపెట్టుకున్నాడు.

మట్టల ఆదివారం పొద్దున్నే పిల్లలు ఈతమట్టలు పట్టుకుని మందిరం ముందు పోగయ్యారు. గంట కొట్టించి, ఆరాధన మాస్టారుకి అప్పగించి అయ్యగారు చేతికర్ర అందుకున్నారు. జక్కరయ్య మాస్టారుకి ఇది బొత్తిగా మింగుడుపడలేదు. పండగపూట కాపరి మందని వదిలేసి తప్పిపోయినవాళ్ళ వెంట వెళ్ళడమేమిటని అడ్డం నిలబడ్డాడు.

"ప్రభువు చెప్పిన తప్పిపోయిన గొర్రె కథలో కాపరి చేసింది అదే కదా మాస్టారూ," అన్నారు అయ్యగారు.

ముప్పయ్యేళ్ళు బడిపిల్లలకి పాఠం చెప్పిన మాస్టారు పక్కకి తప్పుకున్నాడు. ఎలీషాకి మాత్రం ఉత్సాహం వచ్చింది. తప్పిపోయిన గొర్రెల్ని తీసుకురావడానికి వెళుతున్నామని అతని నడకలోనే తెలుస్తోంది. గట్టు మీద అయ్యగారికన్నా రెండడుగులు ముందే నడిచాడు.

చావిడి ముందు తాటిమట్టలు వాలుగా పాతి, పందిరిగా వంచారు. గేదెని బయట వేపచెట్టుకి కట్టేసి, లోపల నేల పేడతో అలికారు. ఆ తడివాసన ఇంకా పోలేదు. తెల్లబట్టల్లో ఇద్దరు అయ్యగార్లూ గుమ్మంలోకి రావడం చూసి లోపలివాళ్ళంతా లేచి నిలబడ్డారు. ఎవరో కుర్చీ కోసం పరిగెత్తారు. దీనమ్మ పమిట సవరించుకుని, తిట్లు తినడానికి సిద్ధపడినదానిలా ముందుకొచ్చింది.

అయ్యగారు కుర్చీ వద్దన్నారు. చివర, పిల్లల తల్లుల వెనక, మనిషి పట్టేంత చోటు చూసుకుని నేలమీదే కూర్చున్నారు. చేసేదిలేక ఎలీషా కూడా పక్కన ఇరుక్కుని కూర్చున్నాడు.

"కానివ్వండి," అన్నారాయన.

ఎవరికీ ఏం చేయాలో తోచక కాసేపు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. చివరికి దీనమ్మే గొంతు సవరించుకుని పాట ఎత్తుకుంది. గాడిద మీద ఊళ్ళోకి వచ్చిన ప్రభువు పాట. వాళ్ళ తాతలనాటిది. నేలమీద కూర్చుని మాట్లాడుకునే స్థాయిలోనే ఎత్తుకుంది. తక్కినవాళ్ళు ఒక్కొక్కరే అందుకున్నారు.

ఎలీషా చెవులు ఊరుకోలేదు. రెండో చరణంలో రాగం తప్పిందని గమనించాడు. తాళం ముందుకీ వెనక్కీ ఊగుతోందని గమనించాడు. ఒకావిడ చంటిపిల్లని ఊరుకోబెడుతూ మధ్యలో మాటలు మింగేస్తోంది. బయట గేదె కూడా ఒకసారి అరిచింది. పెదవులు బిగించుకుని, మోకాలిమీద వేలితో సరైన తాళం వేసుకుంటూ కూర్చున్నాడు.

మూడో చరణం దగ్గర అతని పక్కనుంచి ఒక మగగొంతు లేచింది. లావుపాటి గొంతు, అంచుల్లో కొంచెం బొంగురు. అది ఎవరి పాటనీ దాటిపోలేదు. అందరి పాట కిందికీ వెళ్ళి మోస్తున్నట్టు నిలబడింది. జారిపోతున్న చరణం మళ్ళీ దారిలో పడింది. ఈ వీధిలో ఇంత మంచి గొంతు ఎవరిదా అని ఎలీషా తల తిప్పి చూశాడు.

అయ్యగారు పాడుతున్నారు.

కళ్ళు మూసుకుని, మెడనరాలు ఉబ్బి, నోరారా పాడుతున్నారు. చాలాకాలం నీళ్ళు దొరకని మనిషి తాగుతున్నట్టు ఉంది ఆయన మొహం. ఎలీషా చూపు తిప్పుకోలేకపోయాడు. ఈ మూడేళ్ళూ ఈ గొంతు ఎక్కడుంది?

అతను కూడా పాడబోయాడు. నోరు తెరిస్తే గొంతు అలవాటు చొప్పున పైకే వెళ్ళింది, అక్కడ ఎవరూ లేరు. గబుక్కున కిందికి దించాడు. ఆ కింది చోటు అతని గొంతుకి తెలియదు. బొంగురుపోయింది, తప్పింది. మిగతావాళ్ళు ఎక్కడున్నారో చెవులు రిక్కించి వింటే తప్ప దారి తెలియలేదు. అలా ఇంకొకరి పాట విని పాడడం అతనికి అదే మొదలు. పాట ముగిసేసరికి తన గొంతు ఏదో అతనికే వినపడలేదు. అతనికి పట్టరాని సిగ్గు వేసింది.

ఆ పూట అయ్యగారు ప్రసంగం చెప్పలేదు. తిరిగి రమ్మని పిలవనూ లేదు. ముగింపు ప్రార్థన దీనమ్మ చేత చేయించి, పిల్లల తలలు నిమిరి, చేతికర్ర అందుకున్నారు.

గట్టు మీద తిరిగి వచ్చేటప్పుడు ఎలీషా వెనక నడిచాడు. కాలవ తూము దాటాక అడిగాడు.

"మీ గొంతు పోయిందనుకున్నాను అయ్యగారూ."

"పోలేదు."

"మరి మన మందిరంలో ఒక్కనాడూ పాడలేదేం?"

అయ్యగారు ఆగి, కర్ర మీద ఆనుకున్నారు. ఆయన మొహంలో ఎత్తిపొడుపు ఏ కోశానా లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పారు.

"నాకు మొదటినుంచీ అందలేదు నాయనా. అందనివాళ్ళని మనసులో పాడుకోమన్నావు. పాడుకుంటున్నాను."

ఆయన మళ్ళీ నడక సాగించారు. ఎలీషా కదల్లేకపోయాడు. ఎండ నెత్తిన పడుతున్నా అక్కడే నిలబడి, అయ్యగారి తెల్లచొక్కా మలుపు తిరిగేదాకా చూసి, తరవాత వెనక్కి తిరిగి చావిడి దారి పట్టాడు.

దీనమ్మ గేదెని తిరిగి లోపల కట్టేస్తోంది. మిగతావాళ్ళు వెళ్ళిపోయారు. ఎలీషా గుమ్మం దగ్గర నిలబడి, ఆనాడు తను ఆ మాట అనకుండా ఉండవలసిందని చెప్పాడు. దాన్ని మైకులో చెప్పడం ఇంకా తప్పన్నాడు. ఆవిడ ఇంట్లోకి వెళ్ళింది. చెంబుతో మజ్జిగ తెచ్చి చేతికిచ్చింది. తాగాడు.

"అమ్మమ్మా, ఇందాకటి పాట ఎక్కడినించి ఎత్తుకున్నారో మళ్ళీ ఒక్కసారి పాడరా? నేర్చుకుంటాను."

ఎగతాళి చేస్తున్నాడేమోనని ఆవిడ అతని మొహంలోకి తేరిపార చూసింది. కాదని తెలిశాక, పలుపుతాడు ముడి వేస్తూనే మెల్లగా మొదటి చరణం పాడింది. ఎలీషా అందుకున్నాడు. ఇంకా పైనే ఉందంది. మళ్ళీ అందుకున్నాడు. ఆవిడ తలూపేదాకా పాడి, అప్పుడు సెలవు తీసుకున్నాడు. ఈస్టరుకి వస్తారా అని అడగడానికి నోరు రాలేదు. పొరుగూరి పాస్టరుగారికి కబురు వెళ్ళిందని, నలుగురి మాట తన ఒక్కదాని చేతిలో లేదని ఆవిడే చెప్పింది.

ఆ వారమంతా ఎలీషా కీబోర్డు ముట్టుకోలేదు. సిద్ధం చేసిన గట్టి ప్రసంగాన్ని చించి పొయ్యిలో పడేశాడు. శనివారం అయ్యగారి దగ్గరికి వెళ్ళి, రేపు సంఘాన్ని నా చేతిలో పెట్టకండి, నేను తగను అన్నాడు. కుట్టిన చాపలు అయ్యగారు అతని నెత్తికెత్తి, మందిరంలో పరిచి రమ్మన్నారు.

ఎలీషా చాపలు పరిచాడు. వెనక కాదు, ముందు. కుర్చీల్ని గోడలవారగా సర్దాడు. జక్కరయ్య మాస్టారు వచ్చి చూసి, మిగిలిన ఒక కుర్చీని తనే గోడవారకి జరిపాడు.

ఈస్టరు పొద్దున సూర్యుడు తాడిచెట్ల మీదికి వచ్చేవేళకి ఎలీషా తనే గంట కొట్టాడు. రోడ్డు వీధివాళ్ళు వచ్చి కూర్చున్నారు. చాపలు ఖాళీగా ఉన్నాయి. బల్లమీద రొట్టె మీద తెల్లగుడ్డ కప్పి ఉంది. ఎలీషా పాట మొదలుపెట్టలేదు. మాస్టారు గడియారం చూసుకున్నాడు, దగ్గాడు, మళ్ళీ చూసుకున్నాడు. ఎలీషా చేతులు కట్టుకుని గుమ్మంవైపే చూస్తూ నిలబడ్డాడు. ఎవరూ రాకపోతే ఈరోజు ఈ నోట పాట రాదని అతనికి తెలుసు. అయ్యగారు గోడవార కళ్ళు మూసుకుని కూర్చున్నారు.

బయట చెప్పులు విడుస్తున్న చప్పుడైంది. మొదట చంటిపిల్లతో ఒకావిడ, వెనక ఇద్దరు ముగ్గురు, ఆ వెనక గట్టు వీధి మొత్తం. పొరుగూరి పాస్టరుగారికి వాళ్ళు ఏమని కబురు పంపుకున్నారో ఎలీషా ఎన్నడూ అడగలేదు. అందరికన్నా ఆఖరున దీనమ్మ వచ్చి, చాపలు ముందుకు రావడం చూసి కాసేపు తటపటాయించి, మాస్టారు కుర్చీ పక్కనే చతికిలబడింది.

ఎలీషా మైకు తీసి పక్కన పెట్టాడు. పాట ఎత్తుకున్నాడు. ఎక్కడ పైకి పోతుందోనన్న భయంతో ఎంత కిందనుంచి ఎత్తుకున్నాడంటే, మొదటి చరణం సగం అయ్యేసరికి అతని గొంతే అడుగంటింది. పాట ఆగిపోయింది.

"మరీ అంత కిందికి ఎందుకు బాబూ," అంది దీనమ్మ. "కాస్త పైకెత్తండి. అందుకుంటాం."

ఎవరో కిసుక్కుమన్నారు. మాస్టారు కూడా నవ్వు ఆపుకోలేకపోయాడు. ఎలీషా చొక్కా చేతితో కళ్ళు తుడుచుకుని, కొంచెం పైకి, ఆవిడ గొంతుకి దరిదాపుల్లో ఎత్తుకున్నాడు. చాపలు అందుకున్నాయి. కుర్చీలు అందుకున్నాయి. చరణం చివర దీనమ్మ ఎప్పటిలాగే సాగదీసింది. ఈసారి ఆవిడతోపాటు మందిరమంతా సాగదీసింది.

ఎలీషా మాత్రం రెండో చరణం ఎత్తుకోకుండా ఆగాడు. అన్ని గొంతుల్లోనూ ఒక్క గొంతు కోసం వెతుకుతున్నాడు.

గోడవారనుంచి, కొంచెం బొంగురుగా, అది వినిపించింది. అప్పుడు రెండో చరణం ఎత్తుకున్నాడు.